వెన్నునీటి పరీక్షకు అడ్డుపడుట తగదు

"ఏమైనను సరే, నడుములో సూది మాత్రము వేయనీయము."

మన చూలైలోను, చుట్టుపట్లనున్న పెరియమేటు, పురశవాకము, వేపేరిలలోను స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఈ మాట చాలకాలముగా వినబడుచున్నది. బిడ్డకు జ్వరము తగులును. రెండవనాడు మాట తడబడును, మనుష్యులను పోల్చలేకుండును. మూడవనాడు మూర్ఛ వచ్చును. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తుదుము. అచ్చట డాక్టరు ఒక కాగితము తెచ్చి, వెన్నునుండి నీరు తీసి పరీక్షింపవలెను, సంతకము చేయుడని కోరును. తండ్రి కలము తీయక టెలిఫోను తీయును. నెల్లూరులోనున్న పెదనాన్న, చిత్తూరులోనున్న మేనమామ, బిడ్డను కంట చూడకయే "వద్దు" అందురు. అంతటితో పరీక్ష ఆగిపోవును. ఈ నిరాకరణము బిడ్డకు రక్షణ అని మనవారు తలచుచున్నారు. అది రక్షణ కాదనియు, నయము కాదగిన జబ్బును సైతము నయము కాకుండ చేయునదనియు మేము గట్టిగా చెప్పదలచితిమి.

మెదడువాపు ఒక్క జబ్బు పేరు కాదు. మెదడు కణజాలము వాచి, జ్వరము, తలనొప్పి, వాంతులు, మతి తప్పుట, మూర్ఛలు కలుగు స్థితికి ఆ పేరు పెట్టినారు. ఆ స్థితిని తెచ్చు వైరసులు పెక్కు కలవు. దోమ కరచుటవలన వచ్చునది జపాను మెదడువాపు. పెదవి అంచున జ్వరపు పొక్కులను పుట్టించు హెర్పిసు వైరసే ఒక్కొక్కప్పుడు మెదడునకు ప్రాకును. పొంగు, గవదబిళ్లలు, ఆటలమ్మ కూడ అరుదుగా మెదడును పట్టును. కుక్కకాటువలన వచ్చు రేబీసు సరేసరి. ఇవి గాక, పైకి అచ్చముగా ఇట్లే కనబడుచు, వైరసులే కాని జబ్బులు మరికొన్ని యున్నవి. బాక్టీరియావలన మెదడుపొరలు వాచుట, క్షయ మెదడుపొరలకు ప్రాకుట, స్క్రబ్ టైఫసు అట్టివి. మంచముమీద పడియున్న బిడ్డను చూచి వీనిలో ఏది వచ్చినదో చెప్పుట ఎంతటి ఘనవైద్యునికైనను దుస్సాధ్యము. తెలుపగలిగినది ముఖ్యముగా ఆ కొన్ని చుక్కల వెన్నునీరే.

వెన్నునీరు ఏమి చెప్పునో వివరించుట అవసరము, ఏలయన మనవారు దీనిని ఏదో ప్రయోగమని భావించుచున్నారు. బాక్టీరియా చేరినచో ఆ నీరు సాధారణముగా కలకబారి యుండును. అందు చీముకణములు మెండు, చక్కెర తక్కువ. క్షయ ఐనచో చక్కెర తగ్గి, ప్రోటీను మిక్కుటముగా పెరుగును. వైరసు ఐనచో నీరు తేటగానే యుండును. లింఫోసైట్లు అను కణములు పెరుగును, ప్రోటీను కొంత పెరుగును, చక్కెర చాలవరకు మామూలుగానే యుండును. ఈ మాత్రము కొన్ని గంటలలోనే తెలియును. తరువాత పి.సి.ఆర్. అను పరీక్షచేత హెర్పిసు వైరసు జాడను, ఐ.జి.ఎం. అను ప్రతిరక్షకముల పరీక్షచేత జపాను మెదడువాపును పట్టుకొందురు.

"రక్తము తీసికొనుడు, ఎంతైనను తీసికొనుడు, వెన్ను ఎందుకు?" అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. రక్తములో జపాను మెదడువాపు ప్రతిరక్షకము కనబడినను, అది మునుపు వేసిన టీకావలన గాని, మునుపు తెలియకుండ వచ్చిపోయిన సోకువలన గాని కావచ్చును. ఈ వైరసు సోకినవారిలో 250 మందికి ఒక్కరు మాత్రమే తీవ్రముగా జబ్బుపడుదురు; తక్కినవారికి వచ్చినట్లే తెలియదు. వెన్నునీటిలో కనబడిన ప్రతిరక్షకము మెదడులో ఇప్పుడు జరుగుచున్నదానికి మిక్కిలి నమ్మదగిన సాక్ష్యము. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ రక్తముకంటె వెన్నునీటిని మేలని చెప్పుచున్నది. స్కాను తీసిన చాలదా అందురు మరికొందరు. స్కాను మెదడులో ఏ భాగము దెబ్బతిన్నదో చూపును. ఎవరు కొట్టినారో నిశ్చయముగా చెప్పదు. మొదటి దినములలో తీసిన సి.టి. స్కాను మామూలుగా నుండుటయు కద్దు.

ఇక అసలు భయమునకు వత్తము. "నడుములో సూది గ్రుచ్చిన కాళ్లు పడిపోవును" అని మన పెద్దలు నమ్ముచున్నారు. వెన్నుపాము వెన్నెముక కడవరకు దిగి యుండదు. పెద్దవారిలో అది నడుము మొదటి రెండు పూసల దగ్గరనే ముగియును; పసిబిడ్డలలో కొంచెము దిగువకు వచ్చును. సూది దించునది అంతకు క్రిందనున్న పూసల సందున. అచ్చట నుండునది నీటిలో తేలు నరముల పోగులు మాత్రమే; సూది తగిలిన అవి ప్రక్కకు జరుగును. 1891లో క్వింకె అను జర్మను వైద్యుడు ఈ పద్ధతిని ప్రవేశపెట్టినది మొదలు లోకమంతటను దీనిని చేయుచునే యున్నారు.

ఒక విచిత్రమును ఇచ్చట చెప్పక తప్పదు. మన ఇంటి ఆడపడుచులకు సిజేరియను ఆపరేషను చేయునప్పుడు మత్తుమందును ఎక్కించునది ఎచ్చట? ఆ నడుములోనే, ఆ పూసల సందుననే, అట్టి సన్నని సూదితోనే. దానికి ఏ పెదనాన్నయు అడ్డు చెప్పుట మేము వినలేదు. మనుమడు పుట్టుటకు పనికివచ్చిన సూది ఆ మనుమని ప్రాణము నిలుపుటకు పనికిరాకపోవుట ఏమి తర్కమో!

"మెదడునీరు తీసివేసిన మెదడు ఎండిపోవును" అనునది రెండవ భయము. పెద్దవానిలో ఈ నీరు ఇంచుమించు 150 మిల్లీలీటర్లు ఉండును. శరీరము దినమునకు 500 మిల్లీలీటర్లు క్రొత్తగా ఊరించుచుండును. పరీక్షకు తీయునది పది మిల్లీలీటర్లైనచో అది అరగంటలో మరల ఊరును. పిల్లలవద్ద తీయునది ఇంకను తక్కువ.

మూడవది మిక్కిలి బలమైనది. "ఫలానావారి బిడ్డకు సూది వేసిరి, మరునాడే పోయినాడు." మేము ఈ మాటను తేలికగా త్రోసివేయము, దుఃఖముతో పలికిన మాట అది. కాని ఆలోచింపుడు. వెన్నునీటి పరీక్ష ఎవరికి చేయుదురు? జలుబు చేసినవానికి చేయరు. మతి తప్పి, మూర్ఛలతో, చావుబ్రదుకుల నడుమనున్న బిడ్డకే చేయుదురు. అట్టివారిలో కొందరు చనిపోవుదురు, కొందరికి కాళ్లు చేతులు పడిపోవును. జపాను మెదడువాపు తీవ్రముగా వచ్చినవారిలో నూటికి 20 నుండి 30 మంది మరణింతురు. బ్రదికినవారిలో నూటికి 30 నుండి 50 మందికి మాటలోనో, నడకలోనో, బుద్ధిలోనో లోపము మిగులును. చేసినది జబ్బు. నింద మాత్రము సూదిపై పడినది, ఏలయన సూదిని అందరు చూచినారు, వైరసును ఎవరును చూడలేదు.

ఐతే ఈ పరీక్షలో ఇబ్బందియే లేదని మేమనము. పెద్దవారికి కొన్ని దినములు తలనొప్పి యుండవచ్చును, నడుమునొప్పి యుండవచ్చును. మెదడు మిక్కిలి వాచి లోపలి ఒత్తిడి పెరిగినప్పుడు, రక్తము గడ్డకట్టు శక్తి తగ్గినప్పుడు, సూది దించు చోట చర్మము పుండైనప్పుడు డాక్టర్లే దీనిని వాయిదా వేయుదురు. అవసరమైనచో ముందు స్కాను తీయింతురు. అట్లు ఆపుట వైద్యుని వివేకము. ఆపదగినది ఎప్పుడో వారికి తెలియును గనుకనే, "ఇప్పుడు చేయవచ్చును" అని వారనినప్పుడు నమ్మవలెను.

"కారణము తెలిసినను మందు లేదట గదా, తెలిసి ఏమి లాభము?" అను నిస్పృహ చదువుకొన్నవారిలోను వినబడుచున్నది. సగము నిజమే. జపాను మెదడువాపును చంపు మందు నేటికిని లేదు. మూర్ఛలను అణచుట, జ్వరము తగ్గించుట, శ్వాస నిలుపుట, మెదడు ఒత్తిడి తగ్గించుట, ఇవే చికిత్స. కాని హెర్పిసు మెదడువాపునకు మందు కలదు. ఎసైక్లోవిరు అను ఆ మందు లేని కాలమున ఆ జబ్బు వచ్చినవారిలో నూటికి 70 మంది మరణించెడివారు. మందు వచ్చిన పిమ్మట మరణములు మూడవ వంతునకు లోపుగా తగ్గినవి. ఎంత త్వరగా మొదలిడిన అంత మేలు. అందుచేత మంచి వైద్యులు పరీక్ష ఫలితము కొరకు ఆగక, అనుమానము కలిగిన వెంటనే దీనిని ప్రారంభింతురు. అట్లైన పరీక్ష ఎందుకందురా? ఆ మందును నరము ద్వారా దినమునకు మూడు మారులు, రెండు మూడు వారములు ఎక్కింపవలెను. మూత్రపిండములను కనిపెట్టి యుండవలెను. జబ్బు హెర్పిసే అని తెలిసిననాడు ఆ మూడు వారములును ధైర్యముగా నడపవచ్చును. తెలియనిచో, వారము దినములకు బిడ్డ కన్ను తెరవగానే "ఇక చాలు, ఇంటికి పోదము" అని మనమే తొందరచేయుదుము. పరీక్షలో మొదటి రెండు మూడు దినములు వైరసు కనబడకపోవుటయు కలదు. అట్టియెడ రెండవమారు నీరు తీయుదుమని డాక్టరు అడిగినచో అది మోసము కాదని గ్రహింపవలెను. ఇక బాక్టీరియా ఐనను, క్షయ ఐనను, వానికి మందులు వేరు, దినములు వేరు. క్షయకు నెలల తరబడి మందు వాడవలెను.

పరీక్ష లేనప్పుడు ఏమగునో, ఉన్నప్పుడు ఏమగునో ఈ దేశపు అనుభవమే చెప్పుచున్నది. 2003లో నాటి ఆంధ్రప్రదేశములో, కరీంనగరు, వరంగల్లు వైపు, 329 మంది పిల్లలకు హఠాత్తుగా మెదడువాపు వచ్చినది. 183 మంది మరణించిరి. ఉదయము ఆడుకొన్న బిడ్డ మరునాటికి లేకపోయిన ఇండ్లు అనేకము. మొదట జపాను మెదడువాపు అను అనుమానమే కలిగినది. పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షింపగా చాందీపుర వైరసు బయటపడినది. అది 1965లో నాగపురము దగ్గరి చాందీపుర గ్రామమున కనుగొనబడినది. దానిని మోయునది దోమ కాదు, మట్టిగోడల పగుళ్లలో దాగు ఇసుక ఈగ. కనుక దోమతెరలతో పోరు ముగియదనియు, గోడలు పూడ్చి మందు చల్లవలెననియు తెలిసినది. 2024లో అదే వైరసు గుజరాతు పిల్లలను బలిగొన్నది.

గోరఖపురము కథ ఇంకను ఆలోచింపదగినది. 2005లో తూర్పు ఉత్తరప్రదేశమున 5,737 మందికి మెదడువాపు వచ్చి, 1,344 మంది మరణించిరి. దాని ఫలితముగా 2006 నుండి ప్రభుత్వము జపాను మెదడువాపు టీకా కార్యక్రమము మొదలిడినది. టీకా తరువాతను జ్వరములు ఆగలేదు. పరీక్షించిన కొలది, అక్కడి రోగులలో అనేకులకు కారణము స్క్రబ్ టైఫసు అని తేలినది. అది డాక్సీసైక్లిను, ఎజిత్రోమైసిను వంటి సామాన్యమైన మందులకు లొంగు జబ్బు! సకాలమున గుర్తింపబడనందున అట్టి చవుక మందు అందక ఎందరు పసివారు పోయిరో.

ఈ ఊళ్ల పేర్లు చదివి "అవన్నియు దూరదేశములు, పల్లెటూళ్లు, మనము పట్టణవాసులము" అనుకొనువారికి ఒక మాట. జపాను మెదడువాపు ఈ దేశములో మనుష్యులయందు మొట్టమొదట గుర్తింపబడినది 1955లో, మన రాయవేలూరు ప్రాంతమున. 1911 వరకును చిత్తూరు ముఖ్యపట్టణముగా నుండిన ఉత్తర ఆర్కాటు జిల్లాయే అది. మనలో చాలమందికి పుట్టినిండ్లు, అత్తిండ్లు ఉన్న సీమ. ఆ వైరసు కొంగలలోను పందులలోను పెరిగి, వరిమడులలో పుట్టు క్యూలెక్సు జాతి దోమల ద్వారా మనుష్యునకు సంక్రమించును. మనుష్యునినుండి మరొక మనుష్యునికి అంటదు. కనుక రోగి ఇంటికి పోవుటకు జంకనక్కరలేదు. మన ఓటేరి నాలాలో పుట్టు మురుగుదోమయు క్యూలెక్సే యైనను, ఈ వ్యాధిని ముఖ్యముగా వ్యాపింపజేయునది అది కాదు, పొలపు దోమయే. నాలా శుభ్రపరచుమని కార్పొరేషనును అడుగుట మానవలెనని దీని అర్థము కాదు; దానికి వేరు కారణములు చాల కలవు. ఇక హెర్పిసుకు పల్లె పట్నము భేదము లేదు, ఋతుభేదము లేదు, బీద ధనిక భేదము లేదు. అది చూలై మేడలలోను రాగలదు.

ఈ నిరాకరణమునకు తోడుగా మరియొక ఆలస్యము మన ఇండ్లలో జరుగుచున్నది. హెర్పిసు మెదడువాపు చాలమారులు వింత నడవడితో మొదలగును. బుద్ధిమంతుడైన వాడు అసభ్యముగా పలుకును, లేని వాసనలు వచ్చుచున్నవనును, భార్య పేరు మరచును. వైరసు లేకుండ శరీరపు రక్షకశక్తియే మెదడుపై తిరుగబడు మరొక జబ్బును 2007లో వైద్యులు గుర్తించిరి. అది ముఖ్యముగా పడుచు ఆడపిల్లలకు వచ్చును, దానికిని చికిత్స కలదు. ఇట్టి లక్షణములను చూచి మనవారు "గాలి సోకినది" అని తాయెత్తు కట్టించుటకు, విభూతి పెట్టించుటకు రెండు దినములు వెచ్చింతురు. విభూతి పెట్టుటను మేము తప్పు పట్టము. అది ఆసుపత్రిలో మంచము ప్రక్కన నిలిచియు పెట్టవచ్చును. వాతలు పెట్టుట మాత్రము క్రౌర్యము. మూర్ఛ వచ్చినప్పుడు నోట చెంచాలు, నీళ్లు త్రోయక బిడ్డను ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, 108కి చెప్పవలెను. చూలైనుండి ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికి గాని, సెంట్రల్ ఎదుటి జనరల్ ఆసుపత్రికి గాని ఎంత దూరము!

తప్పంతయు కుటుంబములదే యనుట న్యాయము కాదు. కొన్ని చోట్ల చిన్న డాక్టర్లు కాగితము చేతికిచ్చి "సంతకము చేయుము, లేదా తీసికొని పొమ్ము" అందురు. ఆ కాగితము అరవములో గాని ఇంగ్లీషులో గాని యుండును. మన యువకులకు ఆ రెండును వచ్చును. కాని బిడ్డను రాత్రింబవళ్లు కనిపెట్టుకొనియుండు అమ్మమ్మకు, నాయనమ్మకు బజారు అరవము వచ్చునుగాని ఆ కాగితపు భాష రాదు; తెలుగున వ్రాసియిచ్చినను చదువలేని తెలుగువారము తయారగుచున్నాము, అది వేరు దుఃఖము. నష్టము రెండు వైపులను కలదు. జబ్బు ఎప్పుడు, ఎట్లు మొదలైనదో ఎరిగినది ఆ ముసలామెయే. బిడ్డ జ్వరమునకు ముందు వింతగా మాటలాడెనా, ఏ ఊరు పోయివచ్చెను, కుక్క గీరెనా, ఒంటిమీద నల్లని పుండుమచ్చ యున్నదా, ఇవి డాక్టరునకు కావలసిన సంగతులు. ఆమెను ఎవరును అడుగరు; అడిగినను ఆమె తెలుగున చెప్పునది నడుమ నిలిచి తెలుపువారు లేరు.

కనుక సంఘము ముందు మేము రెండు కోరికలు ఉంచుచున్నాము. వెన్నునీటి పరీక్ష ఏమిటో, ఏల అడుగుదురో, ఎప్పుడు చేయరాదో తెలుపు ఒక చిన్న కరపత్రమును సులభమైన తెలుగులో, ఒక వైద్యునిచేత సరిచూపించి అచ్చువేయవలెను. చదువలేనివారి కొరకు ఆదివారపు కూటములలో బిగ్గరగా చదివించవలెను. రెండవది, అరవము, ఇంగ్లీషు చక్కగా వచ్చిన యువకులు కొందరు, పిలిచినప్పుడు ఆసుపత్రికి పోయి మన ముసలివారి మాటను డాక్టరుకును, డాక్టరు మాటను వీరికిని చేర్పవలెను. మాతృభాష కొరకు తీర్మానములు చేయుచున్నాము, సంతోషమే. మాతృభాష పనికివచ్చు చోట్లలో ఆసుపత్రి మంచము ప్రక్కన ఒకటి.

నివారణమును గూర్చి కొంచెము చెప్పి విరమింతుము. పొంగు టీకా తప్పక వేయింపవలెను. ఆ జబ్బు మానిన ఏండ్లకు మెదడును క్రమముగా నాశనముచేయు వ్యాధి వచ్చుట కలదు, దానికి టీకాయే శరణ్యము. కుక్క కరచినచో గాయమును సబ్బునీటితో పావుగంట కడిగి, ఆనాడే సూదులు మొదలిడవలెను. జపాను మెదడువాపునకు ప్రభుత్వము వ్యాధి గుర్తింపబడిన జిల్లాలలో 9 నెలలకు ఒకటి, 16 నుండి 24 నెలల నడుమ ఒకటి టీకా వేయుచున్నది. 1981లో కోలారున దొరికిన వైరసునుండి హైదరాబాదు భారత్ బయోటెక్ సంస్థ చేసిన టీకా 2013లో విడుదలైనది. దసరా సెలవులకు బిడ్డలను నెల్లూరు, చిత్తూరు పల్లెలకు పంపువారు, ఆ కాలము వానలు పడి మడులు నిండు కాలమని గుర్తుంచుకొని, ప్రయాణమునకు ముందుగానే పిల్లల డాక్టరుకు టీకా పుస్తకము చూపి, ఆ టీకా అవసరమా అని అడుగవలెను. పొలముల దోమ సందెవేళ మొదలు రాత్రియంతయు కరచును. తాతగారి ఇంటి అరుగుమీద పరుండు పిల్లలకు దోమతెర కట్టుట మరువరాదు.